మేమింకా ఉండగానే ఇల్లు చూపించిన మాస్టారు

అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఓనర్‌కి చెప్పిన రోజుకీ, తాళాలు చేతిలో పెట్టే రోజుకీ మధ్య ఒక నెల ఉంటుంది. ఒప్పందాన్ని బట్టి కొన్నిచోట్ల రెండు నెలలు. ఆ రోజుల్లో ఇల్లు మనదే, కానీ పూర్తిగా మనది కాదు. అద్దె మనమే కడుతుంటాం, వంట మనమే చేసుకుంటుంటాం. గేటుకి మాత్రం టు-లెట్ బోర్డు వేలాడుతుంటుంది. ఎవరెవరో వచ్చి మన పడగ్గది గుమ్మంలో నిలబడి, "ఇక్కడ మన మంచం పడుతుందంటావా?" అని ఒకరినొకరు అడుగుతుంటారు.

పెళ్ళయ్యాక మేం చాలా ఇళ్ళు మారాం. సామాను సర్దడాలు, అట్టపెట్టెలు, లారీలు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏది ఏ ఇంటిదో చెప్పలేను. ఒక్క ఇంట్లో గడిపిన చివరి నెల మాత్రం విడిగా గుర్తుండిపోయింది. దానికి కారణం ఆ ఇంటి ఓనర్. రిటైరైన సైన్సు టీచరు. మేమందరం మాస్టారు అనే పిలిచేవాళ్ళం, ఆయన భార్యని పిన్నిగారు అనేదాన్ని. వాళ్ళు పై వాటాలో ఉండేవారు, మేం కింద.

అంతకుముందు ఇంట్లో ఏం జరిగిందో చెబితే గానీ మాస్టారు చేసినదాని విలువ తెలియదు. అక్కడి ఓనర్ దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది. మేం ఖాళీ చేస్తామని చెప్పిన మర్నాటి నుంచే మనుషుల్ని తీసుకురావడం మొదలుపెట్టాడు. ఫోన్ లేదు, కబురు లేదు. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం ముందు నాకు తెలియని చెప్పులు. ముందు గదిలో ఒకాయన మా కుర్చీలో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఒకావిడ పడగ్గదిలో మా బీరువా తలుపు తీసి, అరలు ఎంత లోతున్నాయో చెయ్యి పెట్టి చూస్తోంది. పొద్దున్న హడావుడిలో మంచం మీద పడేసి వెళ్ళిన బట్టలు అలాగే ఉన్నాయి. ఓనర్ నన్ను చూసి, "వచ్చారా, మంచిదైంది. వంటింట్లో లైటు ఏ స్విచ్చో చెప్పండి" అన్నాడు.

ఇంట్లోంచి ఏదీ పోలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ రాత్రి ఆ గదిలో పడుకోబుద్ధి కాలేదు. దుప్పట్లు మార్చాను. బీరువాలో బట్టలన్నీ కింద పోసి మళ్ళీ మొదటినుంచీ సర్దుకున్నాను. మావారు వెళ్ళి అడిగితే ఆ ఓనర్ అన్న మాట, "నా ఇల్లు నేను చూపించుకోకూడదా?"

దానికి మా దగ్గర అప్పుడు సరైన జవాబు లేదు. ఇప్పుడుంది. ఇల్లు ఆయన ఆస్తే, కాదనేవాళ్ళు లేరు. కానీ అద్దె పుచ్చుకుంటున్నంత కాలం, ఆ ఇంట్లో ఎవరి అడ్డూ లేకుండా ఉండే హక్కు అద్దెకున్నవాళ్ళది. చాలా దేశాల అద్దె చట్టాలు ఈ మాటే చెబుతాయి. ఓనర్ లోపలికి రావాలంటే ముందుగా తెలియజేయాలి, ఎందుకొస్తున్నాడో చెప్పాలి, సబబైన వేళలో రావాలి. ముందుగా తెలియజేయడానికి చాలాచోట్ల పెట్టుకున్న గడువు 24 గంటలు. నిప్పంటుకోవడం, పైపు పగిలి నీళ్ళు పొంగడం లాంటి వాటికి ఆ గడువు అక్కర్లేదు, ఎవరైనా పరుగెత్తుకు రావాల్సిందే. కొత్తవాళ్ళకి ఇల్లు చూపించడం ఆ కోవలోకి రాదు. అందుకే ఇప్పుడు మా పిల్లలు ఎక్కడ ఇల్లు అద్దెకి తీసుకున్నా, ఒప్పందంలో ఈ ముక్క ఉందో లేదో చూసుకోమని చెబుతాను. చివరి నెలలో ఇల్లు ఎలా చూపించాలి, ఎప్పుడు చూపించాలి అన్నది ఒక్క వాక్యంలో రాసుకుంటే చాలు.

మాస్టారింట్లో ఉన్నప్పుడు అత్తయ్య మాతోనే ఉండేది. తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యాక మెట్లెక్కలేదు కాబట్టి కింద వాటా కోసం వెతికి వెతికి ఆ ఇంట్లో చేరాం. వెనక గది ఆమెది. రోజులో ఎక్కువసేపు మంచం మీదే. వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళి రావడమే పెద్ద ప్రయాణం. మావారికి బదిలీ అయిందని తెలిసినప్పుడు నాకు సామాను గురించి దిగులు పట్టలేదు. ఆమె గదిలోకి రోజూ ఎవరెవరో వచ్చి నిలబడతారే అన్నదే నా టెన్షన్. ఆమె ఒంటి మీద బట్ట సరిగా ఉండని వేళలుంటాయి, నొప్పితో మూలిగే వేళలుంటాయి. పాత ఇంటి సంగతి మనసులోంచి పోలేదు.

మాస్టారుకి చెప్పడానికి ఇద్దరం పైకి వెళ్ళాం. విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పెద్దావిడని అంత దూరం ఎలా తీసుకెళ్తారో ముందు అది చూసుకోండి" అన్నారు. తర్వాత, "ఇల్లు చూసేందుకు మనుషులొస్తారమ్మా. ఎప్పుడు తీసుకురమ్మంటావు?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్న ఆయన అడుగుతారని నేను అనుకోలేదు. ఏ టైమైనా ఫరవాలేదు అనబోయాను కూడా. ఆయన ఒప్పుకోలేదు. కాగితం తెచ్చుకుని కూర్చున్నారు. అత్తయ్యకి స్నానం ఎప్పుడు చేయిస్తావు, మధ్యాహ్నం మందు వేసుకుని ఎంతసేపు పడుకుంటుంది, నువ్వు ఆఫీసు నుంచి ఎన్నింటికొస్తావు, పాప చదువుకి ఎప్పుడు కూర్చుంటుంది. అన్నీ అడిగి, రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా, ఆదివారమైతే పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా అని ఖాయం చేశారు. అదే ఒక అట్టముక్క మీద రాసి, టు-లెట్ బోర్డు కింద తీగతో కట్టారు.

ఆ అట్టముక్కని ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నారో నాకు ముందు గదిలోంచి వినబడేది. రాత్రి ఎనిమిదింటికి ఎవరో గేటు కొట్టి, "ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోతామండీ, చాలా దూరం నుంచి వచ్చాం" అనేవాళ్ళు. మాస్టారు పై నుంచి దిగివచ్చి, మర్యాదగానే, "వాళ్ళు అన్నాలు తినే వేళ. రేపు ఐదున్నరకి రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను" అని పంపేసేవారు. మర్నాడు కొంతమంది వచ్చేవాళ్ళు, కొంతమంది వచ్చేవాళ్ళు కాదు.

అది ఆయనకి నష్టమే. ఓనర్లు పాతవాళ్ళు ఉండగానే ఇల్లు చూపించేది ఊరికే కాదు. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆ నెల అద్దె పోయినట్టే, తర్వాత ఎంత మంచివాళ్ళు చేరినా అది తిరిగి రాదు. మాస్టారుకి పెన్షన్ కాక మా అద్దె ఒక్కటే రాబడి. పిన్నిగారికి మందులు వాడాల్సి ఉండేది. అవన్నీ తెలిసిన నాకు, గేటు దగ్గర ఆయన మాటలు వింటుంటే ఒక్కోసారి గొంతులో ఏదో అడ్డుపడేది. ఒకరోజు ఉండబట్టలేక, "మాస్టారూ, మాకేం ఇబ్బంది లేదండీ, ఎవరొచ్చినా తీసుకురండి" అన్నాను. "నీకు లేకపోవచ్చు. లోపల పడుకున్నావిడకి ఉంటుంది" అన్నారు.

ఆయన ఇల్లు చూపించే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వచ్చినవాళ్ళని గేటు లోపల నిలబెట్టి, ముందు తానొక్కడే వచ్చి గ్రిల్ మీద వేలితో రెండుసార్లు తట్టేవారు. తలుపు తెరిచే ఉన్నా తట్టేవారు. నేను ఎదురుగా కనబడుతున్నా తట్టేవారు. "అమ్మా, చూసేవాళ్ళొచ్చారు. తీసుకురానా?" నేను రమ్మంటేనే అడుగు లోపల పెట్టేవారు. ఆ ఇల్లు ఆయన కట్టించుకున్నది. పునాదులు తవ్వేటప్పుడు దగ్గరుండి చూసుకున్నది. ఆ గుమ్మం బయట నిలబడి నన్ను అనుమతి అడగడం ఆయనకి చిన్నతనంగా అనిపించలేదు.

లోపలికొచ్చాక వాళ్ళకి మొదట మమ్మల్ని పరిచయం చేసేవారు, తర్వాతే గదులు. "నెలాఖరు దాకా ఇది వీళ్ళిల్లు. మనం వీళ్ళింటికి వచ్చాం" అనేవారు. ఆ ఒక్క మాటతో వచ్చినవాళ్ళ గొంతులు తగ్గేవి. ఒకాయన అలవాటుగా మా బీరువా పిడి మీద చెయ్యి వేస్తే, మాస్టారు ఆ పిడికీ ఆయనకీ మధ్యకి వచ్చి నిలబడ్డారు. "అది వాళ్ళ బీరువా అండీ. ఇంటితో పాటు వచ్చేవి గోడల్లో అలమారలు. అవి చూస్తానంటే అమ్మాయిని అడిగి తీయిస్తాను." కోపం లేదు, వెటకారం లేదు. పాఠం చెప్పినట్టు చెప్పారు. ఆయన వెంటనే చెయ్యి తీసేశాడు. నేను నిలబడ్డ చోటే నిలబడి, పాత ఇంట్లో ఆ సాయంత్రం నాకు ఏం కావాల్సి వచ్చిందో అప్పుడు తెలుసుకున్నాను.

ఇంకో అలవాటుండేది ఆయనకి. ఇంట్లో ఉన్న లోపాలు తానే చూపించేవారు. ముందు గదిలో కిటికీ కింద గోడకి అడుగున రంగు పొరలుగా లేచి, తెల్లటి పొడి రాలుతూ ఉండేది. మేం చేరిన కొత్తలో నేను దాన్ని తుడిచేదాన్ని, వారానికి మళ్ళీ వచ్చేది. అందరూ అయితే అక్కడో కుర్చీ అడ్డం పెట్టి చూపిస్తారు. మాస్టారు వచ్చినవాళ్ళని ఆ గోడ దగ్గరకే తీసుకెళ్ళి, వంగి, గోటితో ఆ పొరని కొంచెం లేపి చూపించేవారు. "ఇది పైనుంచి కారిన నీళ్ళు కాదు. నేలలో తడి ఇటుకల సందుల్లోంచి పైకి పాకుతుంది. గాలి తగిలి నీరు ఆరిపోతుంది, అందులో ఉన్న ఉప్పు గోడ మీద మిగిలిపోతుంది. ఎంత రంగు వేసినా మళ్ళీ తేలుతుంది. చెక్క సామాను ఈ గోడకి ఆనించి పెట్టకండి, జానెడు దూరం ఉంచండి." అక్కడితో ఆగేవారు కాదు. బాత్రూం పైకప్పులో ఉన్న మరక చూపించి, దాని అంచు గోధుమరంగులో గట్టిపడి ఉంది కాబట్టి అది పాతదని, పై పైపు మార్పించాక మళ్ళీ తడవలేదని చెప్పేవారు. తడి ఉంటే ఎలా తెలుస్తుందో కూడా చెప్పేవారు: ముట్టుకుంటే చల్లగా, మెత్తగా ఉంటుంది, రంగు నల్లబడుతుంది.

పిన్నిగారికి ఇది నచ్చేది కాదు. మెట్ల మీదే అడిగేసేవారు. "అన్నీ మీరే చెప్పేస్తే ఇంకెవరు చేరతారండీ?" మాస్టారు మెల్లగా, "చేరాక తెలిస్తే మూడో నెలకి వెళ్ళిపోతారు. మళ్ళీ బోర్డు కట్టాలి. తెలిసి చేరినవాళ్ళు ఉంటారు" అన్నారు. అందులో నిజం ఉంది. మేమూ ఆ గోడ చూసే చేరాం, చూసే అన్నేళ్ళు ఉన్నాం.

మొదటి కొన్ని రోజులు అత్తయ్య గది తలుపు వేసే ఉంచాం. "అందులో పెద్దావిడ పడుకున్నారు. గది ముందు గదంతే ఉంటుంది, కిటికీ దక్షిణం వైపు" అని మాస్టారు చెప్పేవారు. గట్టిగా అడిగినవాళ్ళకి, ఆవిడ లేచినప్పుడు మళ్ళీ రమ్మనేవారు. మాటలన్నీ అత్తయ్యకి లోపలికి వినబడుతూనే ఉన్నాయి. ఒక శనివారం నన్ను పిలిచి, "నా గదేం పాపం చేసింది? రేపు అందరికీ చూపించు. ముందు నా తల దువ్వు" అంది.

ఆదివారం పొద్దున్నే స్నానం చేయించాను. ఉతికిన చీర, భుజం మీద శాలువా, కళ్ళజోడు. దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళని మాస్టారు గుమ్మం దాకా తెచ్చి, "రావచ్చాండీ?" అని అడిగితే, "రండి, రండి" అని పిలిచింది. ఆ తర్వాత గది చూపించే పని ఎవరికీ లేకుండా చేసింది. ఎండాకాలం ఎండ కిటికీ గడప దాటి లోపలికి రాదట. చలికాలం మాత్రం మధ్యాహ్నానికి మంచం మీద ఆమె మోకాళ్ళ దాకా వస్తుందట. కిటికీ రెండో రెక్క పూర్తిగా తీస్తే గాలికి కొట్టుకుంటుందట, సగం తీసి గడియ అడ్డం పెట్టాలట. తెల్లవారుజామున పక్కింటి నీళ్ళ మోటారు మోగుతుందట, తల అటువైపు పెట్టుకుంటే నిద్ర చెడుతుందట, ఇటువైపు పెట్టుకుంటే ఏమీ వినబడదట. అదే ఇంట్లో తిరిగే నాకు అందులో సగం తెలియదు. గోడలు కట్టించిన మాస్టారుకీ తెలియదు. ఆయన చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుని అన్నీ విన్నారు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా, "గది సంగతి ఆవిడే చెబుతారు" అని ముందు అటే తీసుకెళ్ళేవారు. సాయంత్రం ఐదున్నర అవుతుంటే అత్తయ్య కళ్ళజోడు అడిగేది.

నా మట్టుకు నాకు, ఇల్లు చూడాలంటే మనుషులు కాపురం ఉంటుండగా చూడడమే మంచిది. ఖాళీ అయ్యాక రంగులు వేసేస్తారు, రంగు కింద ఏముందో తెలియదు. మనుషులున్న ఇంట్లో అయితే మంచం పక్కన ఎంత జాగా మిగులుతుందో కనబడుతుంది, వంట చేస్తుంటే పొగ ఎటు పోతుందో తెలుస్తుంది, రెండు కుళాయిలు ఒకేసారి తిప్పితే ధార ఎంత తగ్గుతుందో చూడొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అడిగితే చెప్పడానికి అక్కడ మనిషుంటాడు. అయితే ఇదంతా ఆ మనిషికి ఇష్టమైతేనే. మాస్టారు లాంటి ఓనర్ ఉంటే ఇష్టంగానే ఉంటుంది.

ఎంతమంది వచ్చారో లెక్క పెట్టలేదు. టేపు పెట్టి గుమ్మాలు కొలుచుకున్నాయన గుర్తున్నాడు. ఆయనది పెద్ద సోఫా, గుమ్మంలోంచి పట్టదని తేలాక ఎంతో బాధపడ్డాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి గదులకంటే ఒకరి మొహం ఒకరు ఎక్కువ చూసుకుని వెళ్ళిపోయారు. ఒకావిడ ఏమీ మాట్లాడకుండా ప్రతి గదిలో ఒక్కో నిమిషం కళ్ళు మూసుకుని నిలబడింది. ఎందుకని నేను అడగలేదు. ఇంకొకళ్ళ చిన్నపిల్ల నేరుగా మా పాప బొమ్మలు సర్దుకున్న మూలకి వెళ్ళి, "ఇది నాది" అని కూర్చుంది. మా పాప ఏడుపు అందుకుంది. మాస్టారు పాప పక్కన కింద కూర్చుని, "నెలాఖరు దాకా నీదే. ఆ తర్వాత ఎవరికివ్వాలో నువ్వే చెప్పు" అన్నారు. పాప చాలాసేపు ఆలోచించి, ఇప్పుడే చెప్పనంది. ఆయన సరేనన్నారు.

చివరికి చేరినవాళ్ళు మాత్రం ఒక వాన సాయంత్రం వచ్చారు. భార్యాభర్తలు, ఆయన తల్లి. ఆ తల్లికి మోకాళ్ళు వంగవు. గేటు నుంచి గుమ్మం దాకా రావడానికే చాలాసేపు పట్టింది. మాస్టారు గొడుగు ఆమె మీద పట్టి తాను తడుస్తూ నడిచారు. ఇద్దరు పెద్దవాళ్ళనీ వెనక గదిలో వదిలేసి మేం మిగతా ఇల్లు చూశాం.

వంటింట్లో ఉండగా మాస్టారు ఉన్నట్టుండి, "మీరు చూస్తూ ఉండండి, నేను మోటారు కట్టేసి వస్తాను" అని బయటికెళ్ళారు. మోటారు వెయ్యనేలేదు. నాకు తెలుసు. ఆ అమ్మాయి ఓనర్ ఎదురుగా అడగలేనివి నన్ను అడుక్కోవడానికే ఆయన వెళ్ళారు. ప్రతిసారీ ఏదో ఒక వంకతో అలా వెళ్ళేవారు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "అక్కా, ఓనర్ ఎలాంటివారు? అడ్వాన్స్ సరిగా తిరిగిస్తారా?" అంది. అడ్వాన్స్ సంగతి ఇంకా తెలియదు, మేం ఇంకా తీసుకోలేదన్నాను. మిగతాది ఉన్నదున్నట్టు చెప్పాను. నీళ్ళకి ఇబ్బంది లేదు. వంటింటి కుళాయి గట్టిగా తిప్పితే కారుతుంది, గట్టిగా తిప్పి మళ్ళీ వెంట్రుకవాసి వెనక్కి తిప్పాలి, అప్పుడు ఆగుతుంది. ఆమె చేత తిప్పించాను కూడా. మొదటిసారి కారింది, రెండోసారి ఆగింది. రాత్రి పదిన్నరకి గేటు తాళం వేస్తారు, ఆలస్యమైతే ఫోన్ చేస్తే ఆయనే దిగివచ్చి తీస్తారు, మర్నాడు దాని గురించి ఎత్తరు. "మరి ఎందుకు ఖాళీ చేస్తున్నారు?" అని అడిగింది. బదిలీ అన్నాను. లేకపోతే ఖాళీ చేసేవాళ్ళం కాదన్నాను. ఆ మాట పైకి అన్నాక గానీ అది ఎంత నిజమో నాకే తెలియలేదు. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

బాత్రూంలో అత్తయ్య కోసం గోడకి ఒక స్టీలు కడ్డీ బిగించాం, లేచి కూర్చోవడానికి పట్టుకునేందుకు. వెళ్ళేటప్పుడు అది ఊడదీసి, కన్నాలు సిమెంటుతో పూడ్చి ఇస్తామని మాస్టారుతో ముందే అనుకున్నాం. ఆ పెద్దావిడ బాత్రూంలోకి వెళ్ళి ఆ కడ్డీ పట్టుకుని చూసింది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. కొడుకు వైపు తిరిగి, "ఇల్లు ఇదే తీసుకో" అంది. మిగతా గదులు ఆమె చూడనేలేదు. మాస్టారు నా వైపు, నేను మాస్టారు వైపు చూసుకున్నాం. కడ్డీ అక్కడే ఉంచేశాం. దాని ఖరీదు ఇస్తామని ఆ పెద్దావిడ కొడుకు అంటే అత్తయ్య ఒప్పుకోలేదు.

ఖాళీ చేసిన రోజు మాస్టారు గదులన్నీ ఒకసారి తిరిగి, కరెంటు మీటరు రీడింగ్ నాతోనే చదివించి కాగితం మీద రాసుకున్నారు. మేకుల కన్నాలు, వెలిసిన రంగు ఆయన పట్టించుకోలేదు. కాపురమున్నాక అవి ఉంటాయి, వాటికి డబ్బు పట్టుకోకూడదు, పగలగొట్టిన వాటికే పట్టుకోవాలి అన్నది ఆయన పద్ధతి. చాలాచోట్ల అద్దె నియమాలు కూడా మామూలు అరుగుదలనీ, నష్టాన్నీ అలాగే వేరుగా చూస్తాయి. పాప బంతితో పగలగొట్టిన కిటికీ అద్దం మేం అప్పటికే వేయించేశాం. అడ్వాన్స్ మొత్తం కవర్లో పెట్టి, సామాను లారీ ఎక్కకముందే మావారి చేతికిచ్చారు.

ఇప్పుడు మాకో ఫ్లాటుంది. మేం వేరే ఊళ్ళో ఉంటూ దాన్ని అద్దెకిచ్చాం. కిందటేడు అందులో ఉన్నమ్మాయి ఖాళీ చేస్తానంటే, బ్రోకర్ నాకు ఫోన్ చేసి, తాళం తనకిస్తే ఎప్పుడు పడితే అప్పుడు చూపించుకుంటానన్నాడు. వీలుపడదన్నాను. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "నీకు ఏ వేళ కుదురుతుందమ్మా?" అని అడిగాను. అవతలి నుంచి కాసేపు మాట రాలేదు. తర్వాత, రాత్రి డ్యూటీ కాబట్టి పగలు నిద్రపోతానని, సాయంత్రం నాలుగు తర్వాతైతే ఫరవాలేదని చెప్పింది. దూరంగా ఉన్నవాళ్ళకి వీడియో పంపాలంటే తానే తీసి పంపుతానంది, గోడ మీద ఫోటోలు, చదువుకునే బల్ల అందులో పడకుండా. అంతకంటే కావాల్సిందేముంది? వీడియోలో ఆమె పొయ్యి గట్టు కింద చిన్న పగులు కూడా చూపించింది, అది నాకు తెలియనే తెలియదు. బాగుచేయించాకే కొత్తవాళ్ళు చేరారు.

మాస్టారు ఇప్పుడు లేరు. పిన్నిగారు కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ఇల్లు ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు.

మేం కొత్త ఊరొచ్చి అట్టపెట్టెలు ఇంకా విప్పుకుంటుండగానే ఆ ఇంట్లో చేరిన అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, వెనక గదిలో మూడో స్విచ్ దేనిదో తెలియట్లేదు. మా అత్తగారు రాత్రి లేస్తే లైటు కావాలి." నేను చెప్పబోతుంటే అత్తయ్య మంచం మీద నుంచే చెయ్యి చాపి ఫోన్ లాక్కుంది. మూడో స్విచ్ బాత్రూం బయట లైటుదని చెప్పింది. తర్వాత అవతలి పెద్దావిడని పిలిపించుకుని, కిటికీ రెండో రెక్క సగమే తీస్తున్నారా అని, తల ఏ వైపు పెట్టుకుని పడుకుంటున్నారని, కడ్డీ పట్టుకోవడానికి తడి చేతులకి జారకుండా ఏం చుట్టుకున్నారని, నేను వంట ముగించి వచ్చేదాకా అడుగుతూనే ఉంది.